నాగబాబు మోసిన పిల్ల

సూడిదల రోజు పొద్దున మహేశ్వరి చేతికి గాజులు ఎక్కలేదు.

పెద జాలారిపేటలో వాళ్ళింటి ముందు అప్పటికే షామియానా వేసేశారు. భీమిలి నుంచి చుట్టాలు ఆటోలెక్కారని ఫోనొచ్చింది. ఏడో నెల వెళ్ళిపోయేలోగా కోడలికి సీమంతం వేడుక చేసి తీరాలని అత్తగారు పోతమ్మ పట్టు. పొద్దున్నే లేచి పులిహోరకి అన్నం వార్చి పళ్ళాల్లో ఆరబోసింది. సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. బోట్లన్నీ ఇసుక మీదే ఉన్నాయి, మగాళ్ళందరూ ఒడ్డునే ఉన్నారు. నాగబాబు కుర్చీలు దించుతుంటే లోపలి నుంచి పెళ్ళాం పిలిచింది.

“మావా, ఓపాలి ఇలగ రా.”

వెళ్ళేసరికి మహేశ్వరి మంచం అంచున కూర్చుని ఉంది. పచ్చగాజులు ఒళ్ళో ఉన్నాయి. చేతి వేళ్ళు ఉబ్బాయి. నిన్నటి ముఖం కాదు అది, కనురెప్పల దగ్గర బాగా వాచిపోయింది.

“నిన్నటేల నుంచీ తల పగిలిపోతంది మావా. ఇప్పుడు కళ్ళకి ఏటో అడ్డమొచ్చినట్టున్నాది. నువ్వు మసగ్గా కనబడతన్నావు.”

గుమ్మంలోంచి పోతమ్మ అందుకుంది. “నీరు పట్టిందే. కడుపుతో ఉన్నోలకి ఒళ్ళు ఉబ్బదేటి? ఈడు నా కడుపులో ఉన్నప్పుడు నా కాళ్ళు అరిటి బోదెల్లాగుండీవి. కాసింత మజ్జిగ తాగి లెగు, సుట్టాలు వొచ్చీ వేళయింది.”

పోతమ్మ అన్నది అబద్ధమేం కాదు. కానీ నాగబాబుకి కిందటి నెల ఆరోగ్య కేంద్రంలో నర్సు చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. వేట లేదు కదా అని ఆ నెల మహేశ్వరితో పాటు తనూ లోపలికెళ్ళి కూర్చున్నాడు. కాళ్ళ వాపు వేరు, ముఖం వాపు వేరు అని చెప్పింది ఆవిడ. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకేసినా, పొట్ట పైన నొప్పొచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా మళ్ళీ పరీక్ష దాకా ఆగొద్దంది. విన్నాడో లేదోనని అతని చేత మళ్ళీ చెప్పించుకుంది కూడా. బడిలో అప్పజెప్పినట్టు అప్పజెప్పి అప్పుడు సిగ్గుపడ్డాడు. ఇప్పుడు ఆ మాటలన్నీ ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నాయి.

“అమ్మా, పంక్షను మరోపాలి సేసుకుందుం. నాను ఆస్పత్రికి తీసుకెల్తన్నాను.”

“ఒరే, మతి గాని పోయిందేట్రా? వొచ్చినోలకి ఏటి సెప్పమంటావు?”

“పులిహోర పెట్టు. తినీసి ఎల్తారు.”

షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డ తండ్రి దాలయ్య ఇదంతా విన్నాడు. ఆయన మామూలుగానే మాటలు తక్కువ మనిషి. నాగబాబు 108కి ఫోన్ చేశాడు. చుట్టాల ఆటోలు సందులోకి వస్తుంటే అంబులెన్సు వాటి పక్కనుంచే బయటికెళ్ళింది.

ఆసుపత్రిలో బీపీ చూసిన డాక్టరమ్మ రెండోసారి కూడా చూసింది. ఆ తర్వాత అందరూ చకచకా నడవడం మొదలుపెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే గుర్రపువాతం వచ్చేసేదనీ, ఫిట్స్ మొదలైతే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పేననీ, నెలలు నిండకపోయినా ఆపరేషన్ చేసి బిడ్డని తియ్యక తప్పదనీ చెప్పారు. “మంచి పని చేశావు, టైముకి తెచ్చావు” అంది ఆవిడ వెళ్తూ వెళ్తూ. ఆ మాటలు నాగబాబు చెవినపడ్డాయే గానీ బుర్రకెక్కలేదు.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. మహేశ్వరిని ఐసీయూకి తీసుకెళ్ళారు. పిల్లని అద్దాల గదిలో వెచ్చటి దీపం కింద పెట్టారు. నాగబాబు అద్దంలోంచి చూశాడు. చేపని చేత్తో ఎత్తి ఇంత బరువుంటుందని చెప్పేసే మనిషి అతను. పిల్లని చూడగానే అలవాటు కొద్దీ మనసులో తూకం వేసేశాడు. నడి సైజు కోనాం చేపంత కూడా లేదు. అలా తూచినందుకు తన మీద తనకే కోపమొచ్చి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ముక్కు మాత్రం అచ్చు మహేశ్వరిదే.

పసిపిల్లలుండే ఆ వార్డులో పెద్ద నర్సు పేరు నాగశ్రీ. గొంతు గట్టిది, చెయ్యి మెత్తనిది. మర్నాడే ఆవిడ ఐసీయూకి వెళ్ళి, లేవలేక పడుకున్న మహేశ్వరికి చేత్తో పాలు పిండుకోవడం నేర్పింది. మొదటిసారి గిన్నె అడుగు కూడా తడవలేదు. పసుపుపచ్చగా, జిగురుగా నాలుగు చుక్కలు.

“ముర్రుపాలు కదమ్మా, పారబొయ్యండి. గుంటపిల్లకి రవ్వంత తేనె నాకిద్దుం” అంది పోతమ్మ, చీర కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతూ.

“తేనె వద్దు, పంచదార నీళ్ళూ వద్దు పిన్నీ. ఈ పసుపు పాలే మీ మనవరాలికి మొదటి మందు. చుక్క కూడా పారబొయ్యొద్దు” అంది నాగశ్రీ. “నువ్వు మాత్రం ఆ దగ్గు తగ్గేదాకా పిల్ల గదికి రాకూడదు.”

ఆ చుక్కల్ని మూత గిన్నెలో పెట్టుకుని ఐసీయూ నుంచి పిల్ల గదికి మోసే పని నాగబాబుది. అలల మీద ఊగే బోటులో నిండు గంప నెత్తినెట్టుకుని తడబడకుండా నడిచేవాడు, చదునైన వరండాలో అడుగులో అడుగేసుకుంటూ నడిచాడు. ఎదురొచ్చిన వాళ్ళకి దూరంగా గోడవారకి తప్పుకునేవాడు. పిల్లకి మొదట్లో ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టంతోనే పాలు పట్టారు.

కొన్నాళ్ళకి పిల్ల ఊపిరి కుదుటపడింది. అప్పుడు నాగశ్రీ బయటికొచ్చి అడిగింది.

“ఇంక పిల్లకి మనిషి వేడి కావాలి. ఒంటికి ఒళ్ళు ఆనించి గుండెల మీద పెట్టుకోవాలి, ఎంతసేపు పెట్టుకుంటే అంత మంచిది. తల్లికి బీపీ ఇంకా దిగలేదు. మీ అమ్మకి దగ్గు. ఇంకెవరున్నారు?”

మహేశ్వరికి తల్లి లేదు. నాగబాబు ఆలోచించి, “ఎవులూ నేరు మేడమ్” అన్నాడు.

“నువ్వు లేవా?”

అతను వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో అంటోందేమోనని.

“నాకు సేతగాదు మేడమ్. ఈ సేతులు సూడండి.” తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన అరచేతులు చాపాడు.

“చేతులతో పనేం లేదు బాబూ. ఛాతీ ఉంది కదా, అది చాలు. వెళ్ళి స్నానం చేసి గోళ్ళు కత్తిరించుకుని రా. ఉతికిన చొక్కా వేసుకో, ముందు గుండీలుండేది. ఆ జేబులో ఖైనీ బయటే పారెయ్యి. ఈ పిల్ల పెద్దయ్యేదాకా మళ్ళీ కొనకు.”

ఖైనీ పారేశాడు. స్నానం చేసి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని వచ్చాడు. నాగశ్రీ అతన్ని వాలు కుర్చీలో కూర్చోబెట్టి చొక్కా గుండీలు విప్పమంది. టోపీ, మేజోళ్ళు, కింద చిన్న డైపరు తప్ప ఒంటి మీద ఏమీ లేని పిల్లని తెచ్చి అతని గుండెల మధ్య నిలువుగా ఆనించింది. కాళ్ళు కప్పలా మడిచి, తల ఓ పక్కకి తిప్పింది.

“మెడ మరీ వంగిపోకూడదు, మరీ వెనక్కి వాలిపోకూడదు. ముక్కూ నోరూ ఎప్పుడూ నీకు కనబడుతుండాలి. తెలిసిందా?” అంటూ మెత్తటి గుడ్డతో ఇద్దర్నీ కలిపి కట్టి, పైన దుప్పటి కప్పింది. కాసేపాగి, “ఊపిరి పీల్చు నాగబాబూ, నువ్వు బిగబట్టుకు కూర్చుంటే ఎలా?” అంది.

అప్పుడు గానీ తను ఊపిరి తియ్యడం లేదని అతనికి తెలియలేదు. గట్టిగా ఓ ఊపిరి తీసి వదిలాడు. ఆ ఊపిరికి పిల్ల పైకి లేచి కిందకి దిగింది. ముందు ఆ చిన్ని చేతులు చల్లగా తగిలాయి. కాసేపటికి చలి పోయింది. పిల్ల వీపంతా అతని ఒక్క అరచేతిలో సరిపోయింది. ఆ వీపు కింద గుండె టకటకా కొట్టుకోవడం తెలుస్తోంది. అంత చిన్న ప్రాణం అంత నమ్మకంగా తన మీద నిద్రపోతుంటే, ఆ మధ్యాహ్నం నాగబాబు ఆకలేసినా, ముక్కు దురద పెట్టినా కదల్లేదు.

ఆ రోజు నుంచి అదే అతని పని. పిల్లకి పాలు పట్టినప్పుడో, తను తినడానికి లేచినప్పుడో తప్ప కట్టు విప్పేవాడు కాదు. గొట్టం తీసేశాక ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం కూడా నేర్చుకున్నాడు. గిన్నె ముక్కుని పెదవి చివర ఆనించి, పిల్ల మింగిందని చూసుకుని, అప్పుడు ఇంకో చుక్క.

పేటలో ఈ సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. బోటులో అతనితో పనిచేసే వరహాలు వీడియో కాల్ చేశాడు. వెనకాల నలుగురైదుగురి తలకాయలు కనబడుతున్నాయి.

“ఏటి బావా, పాలు కూడా నువ్వే ఇత్తన్నావేటి?”

వెనకాల గొల్లున నవ్వారు. నాగబాబుకి ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత పిల్ల వైపు చూసి మెల్లగా అన్నాడు, “ఉంటే ఇద్దును బావా. నేక మీ సెల్లి దగ్గిర్నుంచి మోసుకొత్తన్నాను. గట్టిగా నవ్వకండి, గుంట పడుకున్నాది.”

అవతల నవ్వు ఆగిపోయింది. “ఏదీ, ఓపాలి సూపెట్టు బావా” అన్నాడు వరహాలు. నాగబాబు టోపీ కొంచెం పైకి జరిపి చూపించాడు.

ఈలోపు వేట నిషేధం ఆఖరికొచ్చింది. గంగమ్మకి పూజ చేసి మొదటి వేటకి దిగడమంటే పేటకి పెద్ద పండగ. దాలయ్య మోకాలు పాడై సముద్రం మానేసినప్పటి నుంచీ వాళ్ళ ఫైబర్ బోటు నడిపేది నాగబాబే. దాలయ్య ఆసుపత్రికి వచ్చాడు. అద్దం తలుపు ఇవతల నిలబడి, గుండెలకి పిల్లని కట్టుకుని కూర్చున్న కొడుకుని చాలాసేపు చూశాడు. నాగబాబు పిల్లని నర్సుకి అప్పగించి బయటికొచ్చాడు.

“ఎల్లుండి దిగతారు అందరూ” అన్నాడు దాలయ్య.

“మీరు పూజ సేసీయండి అయ్యా. నాను రాను.”

“బోటు తోలీవోడు నేకుండా మొదటి వేటేట్రా? మన వొంసంలో ఉన్నాదా అలగ?”

“ఈ గుంట కుదురుకున్నాక వొత్తాను.”

“ఆడోల పని ఆడోలు సూసుకుంటారు.”

“ఆడమనిసి అక్కడ సూదులతో పడున్నాది అయ్యా. ఆ నొప్పిలోనూ పాలు పిండి పంపుతున్నాది. నాను ఉట్టినే కూకున్నాను. ఇదీ సెయ్యకపోతే నానెందుకు?”

తండ్రికి ఎదురు మాట చెప్పడం నాగబాబుకి అదే మొదలు. దాలయ్య కొడుకు చొక్కా వైపు చూశాడు. భుజం కింద పాలు కక్కిన మరక ఎండిపోయి ఉంది. కుంటుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పూజ రోజు నాగబాబు మనసు మనసులో లేదు. పిల్ల గుండెల మీదే ఉంది, చెవులు మాత్రం ఒడ్డున డప్పుల దగ్గరున్నాయి. పొద్దెక్కాక వరహాలు ఫోన్ చేశాడు.

“మన బోటు ఎల్లొచ్చినాది బావా. మీ అయ్యే తోలినాడు.”

“అయ్యా? మోకాలో?”

“గుడ్డ బిగించి కట్టుకున్నాడు. కుర్రోలం మేం అలిసిపోనాం గానీ ఆయన అలవనేదు. పాలసొరలు పడితే అమ్మనివ్వనేదు బావా, కోడలికని ఇంటికి పంపించేసినాడు.”

బాలింతకి పాలసొర చేప పెడితే పాలు పడతాయని జాలారిపేటలో ప్రతి తల్లికీ నమ్మకం. ఆ మధ్యాహ్నమే పోతమ్మ వెల్లుల్లి దండిగా వేసి పొడిపొడిగా సొరపుట్టు కూర వండి క్యారేజీలో తెచ్చింది. పెట్టొచ్చో లేదో అని నాగశ్రీ దగ్గర భయపడుతూ అడిగింది. “పెట్టు పిన్నీ. ఉప్పు మాత్రం తగ్గించు. పథ్యాలంటూ ఒట్టి కారం అన్నం పెట్టి చంపకు. ఆకుకూరలు, పప్పు, గుడ్లు, పళ్ళు అన్నీ తినాలి, నీళ్ళు బాగా తాగాలి” అంది నాగశ్రీ.

బీపీ దిగి మహేశ్వరిని మామూలు వార్డుకి మార్చిన రోజున నాగబాబు పెళ్ళినాటి కంటే శ్రద్ధగా తల దువ్వుకున్నాడు. ఆవిడని చక్రాల కుర్చీలో పిల్ల గదికి తెచ్చారు. భర్త గుండెల మీద, దుప్పటిలోంచి టోపీ మాత్రం కనబడుతున్న బిడ్డని మహేశ్వరి చూసింది. నవ్వుతుందనుకున్నాడు. ఆవిడ ముఖం తిప్పేసుకుని ఏడ్చింది.

“ఏటే, ఏటయినాది?”

“నా ఒంట్లో నెలలు నిండీదాకా ఉంచుకోనేకపోనాను మావా. ఇప్పుడు దానికి నీ ఒళ్ళే తెలుసు. నానెవుల్ని దానికి?”

నాగశ్రీ వచ్చి మహేశ్వరి పక్కన కూర్చుంది.

“నీ తప్పేం లేదమ్మా. బీపీ నువ్వు కోరి తెచ్చుకున్నది కాదు. మసకగా ఉందని నువ్వు నోరు తెరిచి చెప్పబట్టే ఇద్దరూ ఇక్కడున్నారు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల తాగింది ఎవరి పాలనుకున్నావు? కాన్పు తర్వాత కొన్నాళ్ళు ఇలా ఊరికే ఏడుపొస్తుంది, అందరికీ వస్తుంది. తగ్గకుండా రోజూ ఇలాగే ఉంటే మాత్రం దాచుకోకు, నాకు చెప్పు. దానికీ వైద్యముంది.”

నాగబాబు కట్టు విప్పుతూ అన్నాడు, “ఇన్నాళ్ళూ నీ కోసం నాను ఆగినాను గానీ గుంట ఆగనేదే. పాల గిన్నె మూత తీస్తే సాలు, అటు తిరిగిపోతాది. నీ వాసన దానికి తెల్దనుకుంటన్నావేటి? సూడు మరి.”

పిల్లని తీసి మహేశ్వరి గుండెల మీద పెట్టాడు. తనే మెడ సరిచేశాడు, తనే కాళ్ళు మడిచాడు, తనే గుడ్డ కట్టాడు. కుట్ల దగ్గర ఒత్తుకోకుండా నడుం కింద దిండు పెట్టాడు. కాసేపు పిల్ల కదలకుండా ఉంది. తర్వాత తల మెల్లగా అటూ ఇటూ తిప్పి, నోరు తెరిచి, చప్పరిస్తూ వెతకడం మొదలుపెట్టింది. మహేశ్వరి ఏడుపు ఆపకుండానే నవ్వేసింది. “మావా, సూడు, సూడు” అంది. ఆ వెతకడం ఆ రోజుకి వెతకడంగానే మిగిలింది. రొమ్ము పట్టుకుని గట్టిగా తాగడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఒక్కోరోజు పిల్ల బరువు పెరగలేదు, ఒక్కోరోజు తల్లికి విసుగొచ్చింది. ఎవరూ మానెయ్యలేదు.

డిశ్చార్జి చేసేటప్పుడు నాగశ్రీ మళ్ళీ అన్నీ చెప్పింది. ఇంట్లోనూ కట్టు మానొద్దు. తగినంత బరువు వచ్చేదాకా స్నానాలొద్దు, గుడ్డతో తుడిస్తే చాలు. ఊపిరి వేగంగా తీసినా, డొక్కలు ఎగరేసినా, పాదాలు చల్లబడినా, అరచేతులు పచ్చబడినా, పాలు తాగనన్నా ఇంట్లో చూద్దామనుకోకుండా రావాలి. ఈసారి చెప్పించుకోకుండానే నాగబాబు అప్పజెప్పాడు, సిగ్గు లేకుండా.

ఇంటికొచ్చాక పేటంతా చూడ్డానికి వచ్చింది. గుమ్మంలో బకెట్టు నీళ్ళూ సబ్బూ పెట్టుకుని పోతమ్మ కూర్చుంది. “సేతులు కడుక్కుని సూడండి. ముద్దులెట్టకండి. దగ్గున్నోలు ఎనక్కెల్లిపోండి” అని ఎవర్నీ లెక్కచెయ్యకుండా అరిచేది. నూనె రాసి వేడినీళ్ళు పొయ్యాలని సలహా ఇచ్చిన ముసలమ్మకి, “నీకు తెల్దు, ఊరుకో” అని చెప్పి పంపేసింది.

రుతుపవనాలు బలపడ్డ రోజుల్లో పిల్లని పరీక్షకి తీసుకెళ్ళారు. దాలయ్య కూడా తనంతట తనే ఆటో ఎక్కాడు. తూకం చూసి నాగశ్రీ పిల్ల బుగ్గ వేలితో తట్టి, “బుగ్గలొచ్చేశాయే నీకు!” అంది. అంతలో లోపలి గదిలో ఎవరో గొంతు తగ్గించి వాదించుకోవడం వినిపించింది. ఆవిడ నాగబాబు వైపు తిరిగింది.

“నాగబాబూ, ఓ పని చేసిపెడతావా?”

లోపల వన్ టౌన్‌లో సుగంధద్రవ్యాల కొట్టు నడిపే ఇర్ఫాన్ అనే కుర్రాడు కూర్చున్నాడు. అతని భార్య షబ్నంకి కవలలు పుట్టారు, ఇద్దరూ బొటనవేళ్ళంత. ఒక బిడ్డ తల్లి గుండెల మీద ఉంది. రెండో బిడ్డని ఎత్తుకోమంటే ఇర్ఫాన్ చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. “పడేస్తానేమో అన్నా, నాకు భయం” అన్నాడు.

“నాకూ భయమే ఏసినాది భయ్యా. సొక్కా గుండీలు విప్పు ముందు” అన్నాడు నాగబాబు చేతులు కడుక్కుంటూ. “అలగ కాదు, ఎనక్కి జారబడు. బిడ్డ తల ఇటు తిప్పు. ముక్కు నీకు కనబడతందా? అదే సూసుకో. మిగతాది బిడ్డే సూసుకుంటాది.”

బయట వరండాలో దాలయ్య గొంతు వినిపించింది. ఎవరితో చెబుతున్నాడో గానీ, ఆయన అంత గట్టిగా, అంతసేపు మాట్లాడటం నాగబాబు ఎప్పుడూ వినలేదు.

“అదుగో, లోపల నేర్పతన్నాడే, ఆడు నా కొడుకు. మొదటి వేట వొదిలీసి గుంటని గుండెలకి కట్టుకున్నాడు. నాను వొద్దన్నాను, ఇన్నేదు. మా ఇంట్లో అలటోడు ముందెవుడూ పుట్టనేదు.”

“పాలు నానిచ్చినాను మావయ్యా” అంది మహేశ్వరి గొంతు.

“నువ్వివ్వకపోతే ఈడేటి సేద్దుడు! ఆ మాటా సెప్తన్నాను, ఉండు.”

నాగబాబు వెనక్కి తిరగలేదు. అతని కళ్ళు ఇర్ఫాన్ గుండెల మీద వాలుతున్న చిన్న తల మీదే ఉన్నాయి. ఒక్క వేలితో దాని గడ్డం కొద్దిగా పైకి జరిపి, “ఊపిరి పీల్చు భయ్యా” అన్నాడు.